మూతలో పడని పాచిక

లోరెట్టాకు ఆవిడ చావు కబురు చెప్పినవాడు మైలో ట్రాన్‌బర్గ్. నోటితో చెప్పలేదు, పాచికతో చెప్పాడు. ఈ విషయంలో లోరెట్టా భర్త ఆల్విన్ కెస్లర్‌కు అనుమానం లేదు. క్లీట్ నొవోత్నీ వచ్చి "వాడు మంచి మనసుతోనే చేశాడురా" అన్నాడు. చర్చిలో ఆర్గన్ వాయించే వెర్నా వచ్చి "ఎవరం మాత్రం తప్పు చెయ్యలేదు, ఆల్విన్?" అంది. పాస్టరు వచ్చి కాఫీ తాగి వెళ్ళాడు. ఎవరొచ్చి వెళ్ళినా జరిగింది జరిగిందే.

మైలోది బార్బర్ షాపు. ఆదివారం మూసి ఉండేది. చర్చి అయ్యాక, భోజనాలయ్యాక, నలుగురూ వెనక తలుపులోంచి లోపలికి వచ్చేవారు. చలికాలమైతే బూట్ల మంచు గుమ్మంలో దులుపుకునేవారు. రెండు క్షవరం కుర్చీల చేతుల మీద ప్లైవుడ్ పలక పరిస్తే అదే బల్ల. తలనూనెల వాసనా, కాఫీ వాసనా కలిసి ఉండేవి. ఒక చివర మైలో, తన ముందు నిలబెట్టుకున్న అట్ట వెనక. ఈ చివర ఆల్విన్, లోరెట్టా, క్లీట్, వెర్నా.

మైలో మేనల్లుడు కాలేజీ నుంచి తెచ్చి పారేసిపోయిన మూడు చిన్న పుస్తకాలతో మొదలైంది వాళ్ళ ఆదివారం ఆట. దానికి గళ్ళు లేవు, పేకలు లేవు. మైలో ఒక లోకం చెబుతాడు. కొండ కింద మునిగిపోయిన పట్నం, దానికింద నేలమాళిగలు, వాటిలో నల్లటి నీళ్ళు. మిగతా నలుగురూ ఆ లోకంలో తలా ఒక మనిషి. "తలుపు తోస్తున్నాను" అంటే తోసినట్టే. అది తెరుచుకుందా, మీద కూలిందా అన్నది పాచిక చెబుతుంది. ఇరవై ముఖాల పాచిక. అంకెల గాడుల్లో మైనపు రంగు రుద్దుకుంటే తప్ప కనిపించని చవకబారు ప్లాస్టిక్‌ది.

ఆల్విన్ మొదట్లో భార్య తోడు రమ్మందని వచ్చాడు. పెద్దవాళ్ళు కూర్చుని ఉత్తుత్తి సొరంగాల్లో తిరగడమేమిటని అతనికి రోతగా ఉండేది. ఊరి చివర ఒంటిగది బళ్ళో ఎనిమిదో తరగతి దాకా చదివాడు. ఆ తర్వాత కలప కోతమిల్లు. కథలంటే అతనికి నమ్మకం లేదు. కథ చెప్పేవాడు ఎప్పుడూ తనకు కావలసినవాణ్ణి గెలిపిస్తాడు. బళ్ళో టీచరు కొట్టువాడి కొడుకును గెలిపించినట్టు.

అతన్ని అక్కడ కూర్చోబెట్టింది మూత.

క్రిస్మస్ బిస్కెట్ల డబ్బా మూత అది. మంచుబండి బొమ్మ ఉండేది, పాచికలు పడీ పడీ గుర్రాల తలలు చెరిగిపోయాయి. మామూలు పాచికలు మైలో అట్ట వెనక వేసుకునేవాడు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం మూతను బల్ల మధ్యకు తోసి అందులో వేసేవాడు. రేకు మీద గలగలా మోగుతూ పడేది. ఎంత పడిందో అందరూ చూసేవారు. చూశాక ఇక మాట లేదు. ఆ షాపులో అది చట్టం. "మూతలోకి వచ్చింది" అని ఎవరైనా అంటే కాఫీ కప్పులు కింద పెట్టేసేవారు.

మిల్లులో రంపం కూడా అంతే. ఎవడి వేలన్నది దానికి అక్కర్లేదు. ఆల్విన్ దాన్ని గౌరవించేవాడు. మూతనూ గౌరవించాడు.

క్లీట్ మనిషిని మూత నాలుగుసార్లు చంపింది. క్లీట్ ప్రతిసారీ చచ్చినవాడి తమ్ముణ్ణి దింపేవాడు.

"పేరు?" అని మైలో అడిగేవాడు.

"అయిదో బార్నబీ."

"వీళ్ళమ్మకు ఇంకెంతమందిరా?"

"నువ్వు చంపడం ఆపేదాకా ఆవిడ కనడం ఆపదు."

వెర్నా ఆడే పూజారిణి సరిగ్గా వెర్నా పుట్టినరోజున పోయింది. రాతివంతెన మీంచి జారింది. మూతలో మూడు పడింది. వెర్నా కేకు కోస్తున్న కత్తి అలాగే పట్టుకుని, "ఒక్కసారికి చూసీ చూడనట్టు ఊరుకోలేవూ? ఇవాళ నా పుట్టినరోజయ్యా" అంది.

"ఆ వంతెనకు నీ పుట్టినరోజు తెలీదు వెర్నా."

"నీకు తెలుసుగా!"

"నాకు తెలుసని నేను జాలిపడితే అక్కడిక వంతెన ఉండదు. నేనూ, నా నోరూ మిగులుతాం. ఆమాత్రం దానికి ఇంత మంచులో పడి ఇక్కడిదాకా ఎందుకు? ఇంట్లో కూర్చుని రేడియో వినండి."

వెర్నా ఏడ్చింది. ఏడుస్తూనే కేకు పంచింది. మరుసటి ఆదివారం కొత్త మనిషితో వచ్చింది. మైలో మాట సబబని ఆల్విన్ అనుకున్నాడు. మైలోను మనిషిగా లెక్కేసింది ఆ రోజే.

లోరెట్టా ఆడే మనిషి పేరు పెగ్. తాళాలు తీసే దొంగది. ముందు పళ్ళు లేవు, నోరు తెరిస్తే బూతులు. లోరెట్టా బడి వంటింట్లో పిల్లలకు వడ్డించేది. ఇంట్లో గట్టిగా తుమ్మేది కూడా కాదు. పెగ్ అయ్యేసరికి బల్ల గుద్ది, "జరగండ్రా దద్దమ్మల్లారా, నా తాళానికి వెలుతురు అడ్డం" అనేది. క్లీట్ కాఫీ పొలమారేలా నవ్వేవాడు. ఆల్విన్ ఆడేది రోల్ఫ్ అనే కాపలావాణ్ణి. తలుపు దగ్గర నిలబడటం వాడి పని. పెగ్ తాళం తీస్తుంటే వెనక దీపం పట్టుకునేవాడు.

ఆ శరత్కాలంలో లోరెట్టాకు ఆపరేషన్ అయింది. జనవరిలో మళ్ళీ పరీక్షలు చేశారు. డాక్టరు పాతకాలం మనిషి. లోరెట్టాను బట్టలు మార్చుకోమని పంపి, ఆల్విన్‌ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. క్యాన్సర్ ఒళ్ళంతా పాకిందని, చేసేదేమీ లేదని, ఆవిడకు చెప్పకపోవడమే మంచిదని చెప్పాడు. మనసు బాగుంటే వేసవి చూస్తుందన్నాడు. ఆల్విన్ తలూపాడు. బయటికొచ్చి, "పుండు మానుతోందట, నీరసం కొన్నాళ్ళుంటుందట" అని భార్యతో చెప్పాడు. లోరెట్టా కోటు బొత్తాలు పెట్టుకుంటూ, "చెప్పానా, నాదంతా బద్ధకమే" అంది.

ఆ వారంలోనే క్షవరానికి వెళ్ళి మైలోకు చెప్పాడు. చెప్పాలని వెళ్ళలేదు. మెడ చుట్టూ గుడ్డ కట్టి, తల వంచమని చెయ్యి వేశాడు మైలో. నేలమీద పడుతున్న వెంట్రుకలు చూస్తుంటే మాట బయటికొచ్చింది.

కత్తెర ఆగింది.

"ఆవిడకు తెలుసా?"

"తెలీదు. తెలియకూడదు."

"నా నోట్లోంచి రాదు."

రాలేదు. ఆ మాట మైలో నిలబెట్టుకున్నాడు. క్లీట్‌కు చెప్పలేదు, వెర్నాకు చెప్పలేదు. సొంత భార్యకు కూడా చెప్పలేదు. ఆ మాట ఆల్విన్ కాదనడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం. నది మీద మంచు ఇంకా లారీని మోసేంత గట్టిగా ఉంది. లోరెట్టా రెండు స్వెట్టర్లు వేసుకుని వచ్చింది. వెర్నా ఆవిడ కుర్చీలో దిండు పెట్టింది. నేలమాళిగలో నలుగురూ ఒక ఇనప్పెట్టె దగ్గరికి చేరారు. పెగ్ మోకాళ్ళమీద కూర్చుంది.

"రోల్ఫ్, దీపం కిందికి దించు సన్నాసీ. నా ముక్కు కాదు, తాళం చూపించు" అంది లోరెట్టా.

"దించాను" అన్నాడు ఆల్విన్.

"తీస్తున్నాను."

మైలో అట్ట వెనక పాచిక వేసుకున్నాడు. ముఖం మారింది. "తాళంలోంచి సూది పొడుచుకొచ్చింది. బొటనవేలికి గుచ్చుకుంది. సూదికి విషం ఉంది."

ఆ పుస్తకాల్లో విషానికి రెండే దారులు. పద్నాలుగుకు తగ్గకుండా పడితే బతుకు. తగ్గితే చావు. ఇది బల్ల చుట్టూ ఉన్న అందరికీ కంఠతా వచ్చు.

"మూతలోకి వచ్చింది తల్లోయ్!" అని క్లీట్ మూతను మైలో వైపు తోశాడు. "పెగ్గమ్మా, నీకు చెల్లెళ్ళున్నారా?"

"ఉంటే నీకెందుకు చెబుతాను, నీ ఆరో బార్నబీకి కట్టబెడతావు" అంది లోరెట్టా. నవ్వుతూనే ఉంది. కళ్ళు మాత్రం మూత మీద ఉన్నాయి. ఆ చూపు ఆల్విన్‌కు తెలుసు. ఆ షాపులో ఆ క్షణం ఆవిడకు నీరసం లేదు, మందుల సీసాలు లేవు. బొటనవేలికి గుచ్చుకున్న సూది ఒక్కటే ఉంది.

మైలో పాచిక వేశాడు. రేకు మోగలేదు. అట్ట వెనక, చెక్క మీద, టక్కున చిన్న చప్పుడైంది.

"గీరుకుంది, అంతే" అన్నాడు మైలో. "విషం ఎప్పుడో ఎండిపోయింది. పెట్టె తెరుచుకుంది. లోపల..."

లోపల ఏముందో ఎవరూ వినలేదు. క్లీట్ ఖాళీ మూత వైపు చూశాడు. వెర్నా దిండు సర్దబోయి మానుకుంది.

"మూతలో వెయ్యలేదేం?" అని లోరెట్టా అడిగింది. పెగ్ గొంతు కాదు, సొంత గొంతు.

"పరధ్యానం. అలవాటుగా ఇటు వేసేశాను."

"ఎంత పడింది?"

"బతికావు. ఎంతైతేనేం?"

లోరెట్టా మైలో ముఖం చూసింది. తర్వాత తిరిగి ఆల్విన్ ముఖం చూసింది. ఆల్విన్ కాఫీ కప్పు అందుకున్నాడు. అందులో కాఫీ లేదు.

ట్రక్కులో ఇంటికి సగం దారి వచ్చారు. హీటరు మోగుతోంది.

"ఆ రోజు డాక్టరు నిన్ను లోపలికి పిలిచి ఏమన్నాడు?"

"చెప్పాగా. పుండు మానుతోందన్నాడు."

"మైలో ఇన్నాళ్ళలో నాకేదీ ఊరికే ఇవ్వలేదు, ఆల్విన్. వెర్నాకు పుట్టినరోజున కూడా ఇవ్వలేదు."

"పరధ్యానమన్నాడుగా."

"అన్నాడు."

ఇంటికెళ్ళి ఆవిడ సాసేజ్ వేయించింది. బంగాళదుంపలు ఉడకేసింది. ఇద్దరూ తిన్నారు. గిన్నెలు ఆవిడ కడిగింది, అతను తుడిచాడు. ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే ఏం చెయ్యాలో ఆల్విన్ ముందే అనుకుని ఉన్నాడు. ఏడవకపోతే ఏం చెయ్యాలో అనుకోలేదు.

తర్వాతి ఆదివారం ఆవిడ అందరికన్నా ముందు తయారైంది. షాపులో కోటు విప్పలేదు. కూర్చోగానే మూత తనే బల్ల మధ్యకు లాక్కుంది.

"పోయిన వారం పాచిక వెయ్యి, మైలో. ఇందులో."

"అది అయిపోయింది లోరెట్టా. పెగ్ బతికింది. పెట్టెలో వెండి గిన్నె దొరికింది కూడా."

"గిన్నె నువ్వే ఉంచుకో. విషం సంగతి తేల్చు."

"అయిపోయిందన్నాగా. నా నోట్లోంచి వచ్చాక అక్కడ అది జరిగిపోయినట్టే. వెనక్కి తీసుకుంటే రేపు ప్రతివాడూ వెనక్కి తీసుకోమంటాడు. అదీ రూలే."

"రూలు గురించి నువ్వు చెబుతున్నావా నాకు?"

క్లీట్ నవ్వబోయాడు. ఎవరూ నవ్వకపోవడంతో ఆగిపోయాడు.

లోరెట్టా చెయ్యి చాచి అట్ట వెనక నుంచి పాచిక తీసుకుంది. ఎవరూ అటువైపు చెయ్యి పెట్టరు. మైలో ఆపలేదు. ఆవిడ పాచికను గుప్పిట్లో ఆడించలేదు, ఊదలేదు. మూతలో వదిలింది. అది గలగలమని అంచు వెంట తిరిగి, చెరిగిపోయిన గుర్రాల మీద ఆగింది.

తొమ్మిది.

"చచ్చిపోయింది" అంది లోరెట్టా. ఆ మాట అన్నప్పుడు ఆవిడ భుజాలు కిందికి దిగాయి. బరువు సంచి బల్ల మీద పెట్టేసినప్పుడు దిగుతాయే, అలాగ. "చూశారుగా. పెగ్ పోయింది."

"పోలేదు" అన్నాడు మైలో. "అది ఆటలో వేసిన పాచిక కాదు. పెగ్ బతికే ఉంది."

"మూతలో పడ్డాక పడ్డట్టే" అన్నాడు క్లీట్. "నన్ను నాలుగుసార్లు చంపినప్పుడు ఈ మాట ఎక్కడికి పోయిందిరా? మూతదే మాట."

"ఆట నడిపేది మైలో" అంది వెర్నా. "అతను బతికిందంటే బతికినట్టే. ఎందుకమ్మా లోరెట్టా, బతికుంటే నీకేం నష్టం?"

"అక్కడ ఎవరు బతికారో ఎవరు పోయారో నాకు తెలియాలి వెర్నా. అంతే. ఎవరూ నాకు సర్ది చెప్పకుండా తెలియాలి."

ఒకరు అటు, ఒకరు ఇటు. లోరెట్టా ఆల్విన్ వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు. దీపం పట్టుకుంది నువ్వేగా. పెగ్ ఉందా, పోయిందా?"

షాపులో గోడ పొడవునా అద్దాలు. ఎటు చూసినా వాళ్ళే. ఆవిడ అడుగుతున్నది పెగ్ గురించి కాదని ఆల్విన్‌కు తెలుసు. అతనికి తెలుసని ఆవిడకూ తెలుసు. మైలో తలొంచుకున్నాడు. స్టవ్ మీద కాఫీ మరిగి పొంగుతోంది, ఎవరూ దించలేదు. పోయిందని చెబితే అయిపోయేది. ఒక్క మాట.

"మైలో చెప్పినట్టే" అన్నాడు ఆల్విన్. "బతికే ఉంది."

లోరెట్టా తల ఊపింది. కోటు విప్పలేదు కాబట్టి తొడుక్కునే పని లేకపోయింది. లేచి వెర్నా దిండును కుర్చీలో సరిగ్గా పెట్టి, వెనక తలుపు తీసుకుని ట్రక్కులోకి వెళ్ళి కూర్చుంది. మళ్ళీ ఆ షాపులో అడుగు పెట్టలేదు. ఆల్విన్‌నూ ఇంకేదీ అడగలేదు.

తర్వాత ఆవిడ చేసిన పనులన్నీ చావు దగ్గరపడిందని తెలిసినవాళ్ళు చేసే పనులే. చలికోటు వెర్నాకు ఇచ్చేసింది. బట్టలు ఉతికే యంత్రం ఎలా తిప్పాలో ఆల్విన్‌కు చూపించింది. తెల్లవి వేరు, రంగువి వేరు అని చెప్పింది. తోటలో ఆ ఏడు టమాటా నారు వెయ్యలేదు. "నీరసంగా ఉంది, వచ్చే ఏడు చూద్దాం" అంది. అతన్ని తెలియనట్టు ఉండనిచ్చింది. జూన్‌లో పోయింది. వేసవి చూస్తుందన్న డాక్టరు మాట ఆ మేరకు నిజమే.

అంత్యక్రియలయ్యాక చర్చి కింద గదిలో హామ్ శాండ్‌విచ్‌లు పెట్టారు. మైలో వచ్చాడు. ఆల్విన్ అతనికి చెయ్యి ఇవ్వలేదు. అప్పటినుంచి జుట్టు తనే కత్తిరించుకుంటున్నాడు. వెనక వంకరగా వస్తుంది.

ఆకులు రాలాక, ఒక మధ్యాహ్నం మైలో ఇంటికే వచ్చాడు. ఆల్విన్ పెరట్లో కట్టెలు కొడుతున్నాడు. గొడ్డలి ఆపలేదు. మైలో టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఆటకు ఇప్పుడెవరూ రావడం లేదు" అన్నాడు.

ఆల్విన్ ఇంకో దుంగ నిలబెట్టాడు.

"ఒక మాట చెప్పి పోతాను, ఆల్విన్. ఆ రోజు అట్ట వెనక పదహారు పడింది. దేవుడి తోడు. నేను మోసం చెయ్యలేదు. పెగ్ నిజంగానే బతికింది. అందరి ముందూ వెయ్యడానికి నాకు ధైర్యం చాల్లేదు, అంతే."

"ఎవరు చూశారు?"

"నేను చూశాను."

"ఇంకెవరు?"

దుంగ రెండుగా విడింది.

"మూతలో పదహారు పడి ఉంటే లోరెట్టా క్లీట్‌ను ఎగతాళి చేసి, పెట్టె తెరిచి, నవ్వుకుంటూ ఇంటికొచ్చేది" అన్నాడు ఆల్విన్. "నాలుగు నెలలు నవ్వుకుంటూ ఉండేది. రెండు పడి ఉంటే పెగ్ పోయేది. ఇంకో దొంగను తెచ్చుకునేది. అప్పుడూ నవ్వేది. నీ భయం ఆ నవ్వును తినేసింది."

"అవును" అన్నాడు మైలో. టోపీ అంచు తిప్పాడు. "కానీ ఆ తర్వాతి వారం అడిగింది నన్ను కాదుగా, ఆల్విన్. నిన్ను."

గాలికి ఆకులు కట్టెల మధ్యకు దొర్లుకొచ్చాయి. ఆల్విన్ గొడ్డలి దించాడు. కోపం రావాలి. రాలేదు.

"ఇక వెళ్ళు" అన్నాడు.

"ఆల్విన్..."

"నీ తప్పు నీదే. అది మారదు. ఇంకోసారి ఆ మాట నా దగ్గర ఎత్తకు. నువ్వే కాదు, క్లీట్‌కు చెప్పు, వెర్నాకు చెప్పు. ఎవరూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను. ఈ జన్మకు ఇంతే."

మైలో టోపీ పెట్టుకుని గేటు దాకా వెళ్ళాడు. అక్కడ ఆగి వెనక్కి చూశాడు. "మరి పెగ్ ఉందా ఆల్విన్, పోయిందా?" అని అడిగాడు.

ఆల్విన్ ఇంకో దుంగ అందుకున్నాడు.